రైతుల యెరువుల కొట్లు: వానివలన గలుగు ప్రమాదములు, నివారణ మార్గములు

వానకాలపు పైరులకు వలయు నెరువులను వేసవిలోనే కొని నిలువచేసికొనుట రైతులకు లాభకరమే. కాని యా బస్తాలను ఏ గదిలో నుంచవలెను, వాని ప్రక్కన నేమి యుండరాదు అను విషయమును విచారించువారు తక్కువ. చాలచోట్ల నెరువుల బస్తాలును, పత్తి బోరెములును, కిరసనాయిలు డబ్బాలును, పశువుల తవుడును ఒకే కొట్టులో గానవచ్చుచున్నవి. ఎరువు మన్నువంటిదే గదా యను భావమే దీనికి కారణము.

యూరియా, డి.ఏ.పి., పొటాషు అనునవి తమంతట మండునవి కావు. నైట్రేటు జాతి యెరువుల తెఱగు వేరు. బిందుసేద్యము చేయు రైతులు వాడు పొటాషియము నైట్రేటు, కాల్షియము నైట్రేటు ఈ జాతిలోనివి. ఇవియు స్వయముగా మండవు గాని, నిప్పు సోకినప్పుడు ప్రాణవాయువును విడుచును. అందుచే ప్రక్కనున్న పత్తియు, గోనెయు, కట్టెయు నతితీవ్రముగా మండును. తడిగోనె గప్పి యిట్టి మంటను ఆర్పజూచుట వ్యర్థము. బయటి గాలి తగులకున్నను అది యారదు. దూరమునుండి విస్తారముగా నీరు చల్లుటయే యుపాయము. గోధుమవన్నె పొగ వెడలుచున్నచో నెవ్వరును లోనికి పోరాదు. గాలి వచ్చు దిక్కునకు తొలగిపోవలెను. ఆ పొగ పీల్చినవాడు అప్పటికి బాగుగనే యున్నట్లు తోచినను, కొన్ని గంటలకు ఊపిరితిత్తులలో నీరుచేరి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అట్టివానిని వెంటనే వైద్యశాలకు గొనిపోవలెను.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున వెస్ట్ అను చిన్న యూరిలో రైతులకు ఎరువులమ్ము గిడ్డంగి యొకటి యుండెను. కట్టడమును, అందలి తొట్లును గూడ కట్టెతో గట్టినవే. 2013 సంవత్సరము ఏప్రిల్ 17వ తేది సాయంకాలమున దానికి నిప్పంటుకొని, సుమారు ఇరువది నిమిషములకు అందలి అమ్మోనియము నైట్రేటు ప్రేలెను. 15 మంది మరణించిరి; వారిలో 12 మంది మంట నార్పుటకును సహాయము చేయుటకును పరుగెత్తి వచ్చినవారే. సమీపమునందలి పాఠశాలయు, వృద్ధుల నివాసమును, అనేక గృహములును పాడయ్యెను. భారతదేశమున 2012 నాటి నిబంధనలప్రకారము అమ్మోనియము నైట్రేటును లైసెన్సు లేక నిలువయుంచరాదు. కావున రైతు దానిజోలికి పోకుండుటయే మేలు.

గడ్డకట్టిన యెరువును గూర్చి యొకమాట. 1921 సెప్టెంబరు 21వ తేదిన జర్మనీలోని ఒప్పా కర్మాగారమున, గట్టిపడిన యెరువుల రాశిని సడలించుటకు మందుగుండు ప్రేల్చగా రాశియే ప్రేలి 500 మందికి పైగా మరణించిరి. ఏ రైతును అంతపనికి పూనడు. అయినను గడ్డలను నిప్పుసెగకు పెట్టి కరిగింపజూడరాదు. కొయ్యసుత్తితో చితుకగొట్టిన చాలును.

అసలు గడ్డకట్టకుండ జూచుకొనుటయే సులభము. యూరియా గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. నేలపై చెక్కలను పరచి, గోడకు రెండడుగులు ఎడముగా బస్తాలను పేర్చవలెను. పొడివేళల కిటికీలు తెరచి, ముసురుపట్టినప్పుడు మూసియుంచవలెను. గాలి యెప్పుడును మంచిదే యని వానలోను తలుపులు తీసియుంచువారు బస్తాలను తామే చెరుపుకొనుచున్నారు. విప్పిన బస్తాను బిగించి కట్టవలెను.

అగ్నికంటె తఱచుగా నష్టము గలిగించునది పశువుల విషయము. యూరియా యుప్పును బోలియుండును. నేలరాలిన దానిని ఎద్దులు నాకును. అది కడుపులో అమ్మోనియాగా మారుటచే పశువు వణకి, కడుపుబ్బి, కొద్దిసేపటిలోనే పడిపోవచ్చును. జాగుచేయక పశువైద్యుని పిలువవలెను. కొట్టునకు తలుపును తాళమును ఉండిన నీ యాపద రాదు. యింటి బిడ్డలకును క్షేమము.

కొట్టు బావికి ఎగువను ఉండరాదు. చిందిన యెరువును పొడిచీపురుతో నెత్తి పొలమున చల్లవలెనే గాని, నీటితో కడిగి మురుగులోనికి విడువరాదు. నైట్రేటు బావిలో జేరిన నీటిని తాగించిన పాలబిడ్డల శరీరము నీలివర్ణమగు వ్యాధి కలుగును. నీటిని కాచినందున నైట్రేటు పోదు. నీరింకి మరింత చిక్కబడును.

ఒకదానితో నొకటి కలుపుటలోను హాని కలదు. అమ్మోనియము సల్ఫేటును సున్నముతో కలిపిన, ఘాటైన అమ్మోనియా వాయువు వెడలి కండ్లను మండించును. రైతు కొన్న సారమును గాలిపాలగును. బావులలో చల్లు బ్లీచింగు పొడిని యూరియాతో నొకచోట నెన్నడు నుంచరాదు. రెండును తడిసి కలసినయెడల ప్రేలుడు స్వభావముగల వస్తువు పుట్టును. పురుగుమందులకు వేరు గది యుండవలెను. నైట్రేటు చిందినచోట రంపపుపొట్టు చల్లరాదు, పొడి యిసుక చల్లవలెను. వట్టి యెరువు సంచులను ఎంత కడిగినను వానిలో తిండిగింజలు పోయరాదు.