దేనితో పోల్చి చూశారు?

డిప్రెషన్‌కు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. పొద్దున్నే నడవమంటారొకరు, ధ్యానం చేయమంటారొకరు, ఫలానా మాత్రతో మా తమ్ముడు మామూలు మనిషయ్యాడంటారు ఇంకొకరు. వీళ్లెవరూ అబద్ధమాడటం లేదు. కాకపోతే చాలామందిలో డిప్రెషన్ కొన్ని నెలలకు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మనిషి సాయం వెతుక్కునేది బాధ బాగా ముదిరినప్పుడే కనుక, ఆ తర్వాత ఏం చేసినా కొంత మెరుగు కనిపిస్తుంది. అందులో మాత్ర వాటా ఎంత, కాలం వాటా ఎంత?

ఇది తేల్చడానికే రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు మందు, ఇంకో జట్టుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఉత్తుత్తి మాత్రతో తేరుకునేవాళ్లూ తక్కువేం కాదు. కాబట్టి అసలు సంగతి రెండు జట్ల మధ్య తేడాలోనే ఉంటుంది.

ఆ తేడాలన్నీ అచ్చుకెక్కాలి కదా! ఎరిక్ టర్నర్ బృందం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రికార్డులు తిరగేసి 2008లో బయటపెట్టిన లెక్క ఇది: 12 మందులపై 74 ప్రయోగాలు. ఆ సంస్థ దృష్టిలో మందు నెగ్గినవి 38, వాటిలో 37 వైద్య పత్రికల్లో వచ్చాయి. నెగ్గనివో, ఎటూ తేలనివో 36. వాటిలో ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడంటే మూడు! 22 వెలుగే చూడలేదు, 11 నెగ్గినట్టు ధ్వనించేలా వచ్చాయి. పత్రికలనే నమ్ముకున్న డాక్టరు ఏం కావాలి?

అలాగని మందులు దండగ కాదు. 2018లో సిప్రియాని బృందం, అచ్చుకానివాటితో సహా 522 ప్రయోగాలను కలిపి చూస్తే, వాటిలోని 21 మందులూ ఉత్తుత్తి మాత్రను మించాయి. సగటున తేడా మాత్రం ఓ మోస్తరే.

మాటల చికిత్సకూ ఇదే పరీక్ష. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందిపై విక్రమ్ పటేల్ బృందం చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. మానసిక వైద్యంలో ముందు అనుభవం లేని స్థానికులకు శిక్షణనిచ్చి, వాళ్ల ద్వారా రోగుల చేత మానేసిన పనులను మెల్లగా మళ్లీ మొదలుపెట్టించారు. మూడు నెలలకు ఆ రోగుల్లో 64 శాతం కోలుకున్నారు. కౌన్సెలింగ్ లేకుండా డాక్టరు చూసినవాళ్లలోనూ 39 శాతం కోలుకున్నారు. ఆ 39 చెప్పకపోతే 64కు విలువ లేదు. అయితే తనకు కౌన్సెలింగ్ అందుతోందని రోగికి తెలిసిపోతుంది, దాన్ని దాచే ఉత్తుత్తి మాత్ర లేదు.

పుస్తకాల్లో, వీడియోల్లో వచ్చే సలహాల్లో చాలావాటికి ఈమాత్రం పరీక్ష కూడా జరగలేదు.

సగటు లెక్క ఒక మనిషి సంగతి చెప్పదు. అది తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. చికిత్సకు ముందూ, ఆ తర్వాత కొన్ని వారాలకోసారీ నింపితే మార్పు అంకెల్లో తెలుస్తుంది. గుణం కనిపించడానికి మందుకు కొన్ని వారాలు పడుతుంది. డాక్టరును అడగకుండా ఉన్నట్టుండి ఆపేయకూడదు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి జవాబు ‘అసలు లేదు’ కాక మరేదైనా అయితే మొత్తం స్కోరు కోసం చూడకుండా అప్పుడే డాక్టరుకో, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కో ఫోన్ చేయాలి.