పొరబడి చంపాడా?

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు 2017 ఫిబ్రవరి 22 మరిచిపోయే తేదీ కాదు. ఆ సాయంత్రం కాన్సస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు "నా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్పులు జరిపాడు. గార్మిన్ కంపెనీలో పనిచేస్తున్న 32 ఏళ్ల కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు. మిత్రుడు మాదసాని అలోక్ గాయపడ్డారు. కాల్చినవాణ్ణి ఆపబోయిన ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల స్థానికుడికీ తూటా తగిలింది. హంతకుడు పక్క రాష్ట్రం మిస్సోరికి పారిపోయి, అక్కడ ఒక రెస్టారెంట్‌లో తాను ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకుని దొరికిపోయాడు. 2018లో నేరం ఒప్పుకున్నాడు. యావజ్జీవ శిక్ష పడింది.

ఇరానీలన్న మాట బయటపడగానే మనవాళ్ల ఇళ్లలో, పార్టీల్లో ఒకటే మాట: "పాపం, పొరబడి చంపాడు." 2001 సెప్టెంబర్ 15న అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీని తన గ్యాస్ స్టేషన్ ముందే కాల్చి చంపినప్పుడూ ఇలాగే అన్నారు. తలపాగా చూసి ముస్లిం అనుకున్నాడట.

ఆ మాట వినడానికి నాకు కష్టంగా ఉంటుంది. పొరబడ్డాడంటే, అక్కడ నిజంగానే ఇద్దరు ఇరానీలు కూర్చుని ఉంటే పొరపాటు లేనట్టేనా? "మేం వాళ్లం కాదు" అని మనం చెప్పుకోవడమంటే తుపాకీని పక్కింటి వైపు తిప్పమన్నట్టే. ఆ రోజుల్లో బయట తెలుగులో మాట్లాడొద్దనే సలహాలు కూడా తిరిగాయి. భయంలో ఇచ్చిన సలహాలవి, తప్పుపట్టలేం. కానీ నోరు కట్టుకుంటే ముఖం మారుతుందా?

శ్రీనివాస్ భార్య దుమాల సునయన మరో దారి పట్టారు. భర్త పోవడంతో ఆమె వీసా హోదా కూడా పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వెళ్లిన ఆమె తిరిగి అమెరికా రాగలరా అన్నదే సందేహం. కాన్సస్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకోవడంతో వెనక్కి రాగలిగారు. మనలాంటివాళ్లకు ఈ దేశంలో చోటుందా అని ఆమె అడిగిన ప్రశ్న అప్పట్లో పేపర్లన్నిటిలో వచ్చింది. జవాబు కోసం ఆగకుండా, అదే కాన్సస్‌లో 'ఫరెవర్ వెల్కమ్' పేరుతో పని మొదలుపెట్టారు. వలస వచ్చినవాళ్ల కథలు చెప్పడం, ఇక్కడివాళ్లతో వాళ్లను కలపడం, విద్వేషం గురించి నలుగురిలో మాట్లాడటం. చూడ్డానికి చిన్న పనులే.

హ్యూస్టన్‌లోని భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి గ్రిలట్‌కు ఇల్లు కొనుక్కోవడానికి ఇచ్చారు. నాకెంతో నచ్చిన సంగతి అది. అపరిచితుల కోసం తూటాకు ఎదురెళ్లినవాణ్ణి కనీసం అపరిచితుడిగా మిగలనివ్వలేదు.

విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో 2012 ఆగస్టు 5న జరిగిన కాల్పుల్లో తండ్రిని పోగొట్టుకున్న పర్‌దీప్ కలేకా ఇంకా కష్టమైన పని చేశారు. ఒకప్పుడు శ్వేతజాతి దురహంకార ముఠాలో తిరిగి బయటికొచ్చిన ఆర్నో మైఖేలిస్‌ను వెతికి పట్టుకుని మాట్లాడారు. మనుషులు అటువైపు ఎలా వెళ్తారో తెలుసుకోవాలనుకున్నారు. ఇద్దరూ కలిసి 'సర్వ్ 2 యునైట్' ద్వారా స్కూలు పిల్లల మధ్య పనిచేశారు. అలా చేయగలిగేవాళ్లు ఎందరుంటారు!

మన తెలుగు సంఘాలకు ఆపదలో పరుగెత్తడం బాగా వచ్చు. రాత్రికి రాత్రి చందాలు పోగవుతాయి, పార్థివ దేహాన్ని ఊరికి పంపే కాగితాలు కదులుతాయి. బతికున్నప్పటి పొరుగు సంగతే మనకు అంతగా పట్టదు. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ అన్నీ హాలు తలుపులు మూసుకుని మనకు మనమే చేసుకుంటాం. లోపల కూడా ఏ కులం వాళ్ల బల్ల ఏదో చూస్తే తెలిసిపోతుంది. అదే హాల్లో ముస్లింల గురించి, నల్లవాళ్ల గురించి వినిపించే జోకులకు నవ్వేవాళ్లూ తక్కువ కాదు. ఈసారి ఎవరైనా అలాంటిది మొదలుపెడితే, పిల్లలు వింటున్నారని చెప్పి ఆపండి. వచ్చే ఉగాదికి వీధి చివర ఉండే ఇరానీ కుటుంబాన్నీ, ఎదురింటి అమెరికన్ ముసలాయన్నీ పిలవండి. పచ్చడిలో కారం కాస్త తగ్గిస్తే చాలు.