సన్‌రూఫ్ తెరిస్తే దబదబ మోత ఎందుకు? విండ్ డిఫ్లెక్టర్‌ను సొంతంగా అమర్చుకోవడం ఎలా?

జాతీయ రహదారిపై కారు గంటకు 60, 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. చల్లగాలి కోసం సన్‌రూఫ్ తెరవగానే లోపల దబదబమంటూ మోత మొదలవుతుంది. చెవులు దిమ్మెక్కుతాయి, పక్కవారి మాట వినిపించదు. అద్దం మూసిన మరుక్షణం అంతా సద్దుమణుగుతుంది. ఇది కారులోని లోపం కాదు. పైకప్పులో రంధ్రం ఉన్న ఏ కారులోనైనా తలెత్తగల సహజ పరిణామమే. దీన్ని తగ్గించేందుకు వాడే పలుచని పట్టీయే విండ్ డిఫ్లెక్టర్. దీన్ని అమర్చడానికి మెకానిక్ అవసరం లేదు. అయితే తొందరపడి అతికించిన పట్టీ రహదారిపై ఇతరులకు ముప్పుగా మారే అవకాశం ఉంది.

సీసా మూతిపై ఊదినట్లే

ఖాళీ సీసా మూతిపై అడ్డంగా ఊదితే బుయ్యిమనే శబ్దం వస్తుంది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫన్ హెల్మ్‌హోల్ట్జ్ పేరుతో పిలిచే అనునాద సూత్రమే దీనికి మూలం. కారు విషయంలో లోపలి గది సీసా అయితే, సన్‌రూఫ్ దాని మూతి. పైకప్పు మీదుగా వచ్చే గాలి రంధ్రం ముందు అంచు వద్ద సుడులు తిరిగి వెనుక అంచును ఢీకొంటుంది. ప్రతి తాకిడికీ లోపలి గాలి ఒకసారి నొక్కుకుని మళ్లీ సర్దుకుంటుంది. ఈ తాకిళ్ల లయ, కారులోని గాలి సహజ లయతో కలిసినప్పుడు మోత ఒక్కసారిగా పెరుగుతుంది. దీని పౌనఃపున్యం సాధారణంగా 20 హెర్ట్జ్‌కు అటూ ఇటూగా, అంటే మనిషి వినికిడికి దిగువ హద్దు వద్ద ఉంటుంది. అందుకే ఇది చెవికి శబ్దంలా కాక కర్ణభేరిపై ఒత్తిడిలా తోస్తుంది.

వెనుక కిటికీ అద్దాన్ని రెండు అంగుళాలు దించితే మోత తగ్గిపోతుంది. ఖర్చు లేని ఈ ఉపాయంతోనే పని జరిగితే డిఫ్లెక్టర్ కొనాల్సిన అవసరమే ఉండదు.

కొనే ముందు చూడాల్సినవి

చాలా కార్లలో సన్‌రూఫ్ తెరిచినప్పుడు ముందు అంచు వద్ద చిన్న వల లేదా ప్లాస్టిక్ పట్టీ దానంతటదే పైకి లేస్తుంది. అది కంపెనీ అమర్చిన డిఫ్లెక్టరే. దుమ్ము పేరుకుని అది సరిగా లేవకపోతే శుభ్రం చేస్తే చాలు.

విడిగా కొనేటప్పుడు అద్దం కదిలే తీరును గమనించాలి. కొన్ని కార్లలో అద్దం పైకప్పు కిందికి జారుతుంది, కొన్నింటిలో పైకి లేచి కప్పు మీదుగా వెనక్కి వెళుతుంది. ఏ స్థితిలోనూ అద్దం పట్టీకి తగలకూడదు. ఆ మోడల్ పైకప్పు వంపునకు సరిపోయే పట్టీనే ఎంచుకోవాలి. వంపు కుదరని పట్టీని బలవంతంగా అదిమి అతికిస్తే కొద్ది రోజులకే దాని కొసలు లేస్తాయి.

అమర్చే విధానం

ఎండలో నిలిపిన కారు పైకప్పు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. కాబట్టి ఉదయం వేళ, నీడలో పని మొదలుపెట్టాలి. అతికే ఉపరితలం 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మేలు.

మొదట సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత టేపు అంటుకునే చోట మైనం, పాలిష్ జాడలు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. దీన్ని కారు రంగుపైనే వాడాలి. అక్రిలిక్ పట్టీకి ఆల్కహాల్, పెట్రోల్, థిన్నర్ తగిలితే సన్నని పగుళ్లు రావచ్చు.

టేపు మీది కాగితం తీయకుండానే పట్టీని రంధ్రానికి ముందు నడిమధ్యన ఉంచి, రెండు వైపులా కొలిచి, మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టుకోవాలి. అద్దాన్ని ఒకసారి పూర్తిగా తెరిచి మూసి, ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ, మధ్య నుంచి కొసల వైపు గట్టిగా అదమాలి. ఒకసారి అంటిన టేపును ఊడదీసి మళ్లీ వాడితే పట్టు దక్కదు.

క్లిప్పులతో బిగించే రకమైతే అవి రబ్బరు అంచును నొక్కకూడదు. నీరు పారేందుకు మూలల్లో ఉండే రంధ్రాలకు ఏదీ అడ్డుపడకూడదు. అలా జరిగితే తొలి వానకే నీరు సీట్లపైకి చేరుతుంది. పైకప్పుకు రంధ్రాలు చేసి స్క్రూలు బిగించడం అసలే తగదు. తుప్పుకు దారి తీయడమే కాక, కప్పు అంచుల్లో ఉండే కర్టెన్ ఎయిర్‌బ్యాగులకు, వైర్లకు హాని కలగవచ్చు.

ఓపికే అసలైన పట్టు

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. అతికించిన గంటకే కారును రహదారి ఎక్కిస్తారు. ఈ పనికి వాడే ఫోమ్ టేపు 20 నిమిషాల్లో సగం, 24 గంటల్లో 90 శాతం, 72 గంటల్లో పూర్తి బలాన్ని అందుకుంటుంది. ఆ మూడు రోజులూ కారును కడగకూడదు, వేగంగా నడపకూడదు.

త్వరగా ఎండే సూపర్ గ్లూ దీనికి ప్రత్యామ్నాయం కాదు. వేడి 40 డిగ్రీలు పెరిగితే 90 సెంటీమీటర్ల అక్రిలిక్ పట్టీ సుమారు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దాని కిందనున్న ఉక్కు అర మిల్లీమీటరైనా సాగదు. మెత్తని ఫోమ్ టేపు ఈ తేడాను తట్టుకుంటుంది, పెళుసైన జిగురు విడిపోతుంది.

కారు వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 5 సెంటీమీటర్ల ఎత్తున్న ఇలాంటి పట్టీపై స్థూలంగా రెండు కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. అది ఊడితే కారు నడిపేవారికి తెలియకపోవచ్చు. దెబ్బ తగిలేది వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుకు. అందుకే నెలకోసారి, దూర ప్రయాణాలకు ముందు తప్పనిసరిగా, కొసలను వేలితో లేపి చూడాలి. ఏ మాత్రం కదిలినా తీసి కొత్త టేపుతో అమర్చాలి.

డిఫ్లెక్టర్ మోతను తగ్గిస్తుందే తప్ప గాలి శబ్దాన్ని పూర్తిగా ఆపదు. సన్‌రూఫ్‌లోంచి పిల్లలు తల బయటపెట్టి నిలబడటాన్ని సురక్షితమూ చేయదు. హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ గట్టి అంచు తగిలేది వారి ఛాతీకి, మెడకే.