జనవరి 1న 53వ వారమా?

విద్యార్థులారా! ఏడాదికి ఎన్ని వారాలు అని అడిగితే 52 అని ఠక్కున చెబుతారు. 52ను 7తో హెచ్చవేసి చూడండి. 364 రోజులే వచ్చాయి కదా! మామూలు సంవత్సరంలో ఒక రోజు, లీపు సంవత్సరంలో రెండు రోజులు మిగిలిపోతాయి. ఈ చిల్లర రోజులే కంప్యూటర్లను తికమక పెడుతున్నాయి.

మనకు తేదీ చెబితే చాలు. ఐరోపాలోని కర్మాగారాలు, వ్యాపార సంస్థలు మాత్రం "10వ వారంలో సరుకు పంపండి" అని కూడా రాసుకుంటాయి. మరి మొదటి వారం ఎప్పుడు మొదలైనట్టు? అమెరికా వాడుకలో వారం ఆదివారంతో ఆరంభం. జనవరి 1 పడిన వారమే మొదటి వారం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో వెలువరించిన 8601 ప్రమాణంలో వారం సోమవారంతో మొదలవుతుంది. ఆ వారం ఏ సంవత్సరానిదో దానిలోని గురువారం చెబుతుంది. గురువారమే ఎందుకు? సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కిస్తే నడిమి రోజు అదే. గురువారం ఏ ఏడాదిలో ఉంటే, వారంలో కనీసం నాలుగు రోజులు ఆ ఏడాదివే. ఎంత చక్కని ఉపాయమో చూడండి!

2021 జనవరి 1 శుక్రవారం. ఆ వారంలోని గురువారం 2020 డిసెంబరు 31. అందుచేత ఆ కొత్త సంవత్సరాది 2020లోని 53వ వారానికి చెందింది! అమెరికా పద్ధతిలో అదే రోజు 2021 మొదటి వారం. ఆ ఏడు 10వ వారం ఒకరికి ఫిబ్రవరి 28న, మరొకరికి మార్చి 8న మొదలైంది. సరుకు ఎప్పుడు రావాలి? ఎక్సెల్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి; ఏది వాడేదీ ఇరుపక్షాలూ ముందే అనుకోవాలి.

అంతర్జాతీయ పద్ధతిలో వారం సంఖ్యను మీరే కనుక్కోవచ్చు. ఏడాదిలో అది ఎన్నో రోజో రాయండి. అందులోంచి వారం అంకె (సోమవారం 1, ఆదివారం 7) తీసివేసి, 10 కలిపి, 7తో భాగించండి. శేషం వదిలేయండి. 2025 ఆగస్టు 15 ఆ ఏడాదిలో 227వ రోజు, శుక్రవారం. 227లోంచి 5 పోగా 222, 10 కలిపితే 232, భాగఫలం 33. అంటే 33వ వారం. భాగఫలం సున్న వస్తే అది పాత సంవత్సరపు చివరి వారం. 53 వస్తే తొందరపడవద్దు. ఆ వారంలోని గురువారం కొత్త ఏడాదిలోకి జారిందేమో చూడాలి. జారితే అది కొత్త ఏటి మొదటి వారం.

అసలు చిక్కు మరొకటుంది. జావా అనే కంప్యూటర్ భాషలో తేదీ రాసేటప్పుడు చిన్న వై అక్షరం మామూలు సంవత్సరాన్ని, పెద్ద వై అక్షరం వారం చెందిన సంవత్సరాన్ని ఇస్తాయి. ఏడాది పొడుగునా రెండూ ఒకటే, ఒక్క డిసెంబరు చివర, జనవరి మొదట్లో తప్ప. పరీక్షించేవారు జూన్‌లో చూస్తే పొరపాటు ఎలా దొరుకుతుంది? 2014 డిసెంబరు 29 సోమవారం. అంతర్జాతీయ లెక్కలో 2015 మొదటి వారం. ఆ రోజు ట్విట్టర్ కంప్యూటర్లు తేదీలో 2015 అని చూపాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్ని వాడేవారు ఎందరో లోపలికి వెళ్లలేకపోయారు.

400 ఏళ్లకు 1,46,097 రోజులు, అంటే సరిగ్గా 20,871 వారాలు. ఏడాదికి 52 చొప్పున తీసివేస్తే 71 మిగులుతాయి. కాబట్టి 400 ఏళ్లలో 71 సంవత్సరాలకు 53 వారాలు. 2026 వాటిలో ఒకటి. కాలెండరు తీసి, అందులోని గురువారాలు లెక్కపెట్టండి.