చల్లని ఎక్స్‌రేకి ఓ స్టెబిలైజర్!

నడుం వంగదు... మెడ తిరగదు... ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల్లో ఇలాంటి బాధ వస్తే ‘వయసు మీద పడిందిలే’ అని సరిపెట్టుకోవడానికి లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ కూడా కారణం కావచ్చు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తే డాక్టర్ల అనుమానం బలపడుతుంది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ గురించి షార్ట్‌ బృందం 1937లో తొలిసారి వెల్లడించింది నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఈ జిల్లావే. మనుషులకంటే ముందు దుక్కిటెడ్లకి కాళ్లు బిగుసుకుపోవడం రైతుల కంటపడిందట!

అలా బిగుసుకుపోయిన మనిషిని జీపెక్కించి పట్నం తీసుకెళ్లడం ఎంత కష్టమో ఇంట్లోవాళ్లకే తెలుసు. యంత్రమే మంచం దగ్గరికొస్తే? ఆ దారిలో వచ్చిందే కార్బన్‌ నానోట్యూబుల ఎక్స్‌రే.

ఎక్స్‌రే పుట్టాలంటే ఎలక్ట్రాన్లు వేగంగా వెళ్లి లోహాన్ని ఢీకొట్టాలి. 1913లో కూలిడ్జ్‌ చేసిన ట్యూబులో టంగ్‌స్టన్‌ తీగని రెండువేల డిగ్రీలకి పైగా కాలిస్తే అవి బయటికొచ్చేవి. ఇప్పటికీ ఎక్కువ యంత్రాలది అదే పద్ధతి. వెంట్రుకకంటే వేల రెట్లు సన్నని నానోట్యూబులకి ఆ వేడి అక్కర్లేదు. వోల్టేజి పెడితే చాలు, మొనల నుంచి ఎలక్ట్రాన్లు దూకేస్తాయి. మీట నొక్కగానే మొదలు, వదలగానే ఆపు. ట్యూబూ చిన్నదవుతుంది.

తంటా అంతా అక్కడే!

వోల్టేజి కాస్త పెరిగితే చాలు, కరెంటు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. ట్యూబు లోపల మిగిలిపోయిన వాయు అణువు ఒకటి మొన మీద వాలితే కరెంటు ఎగుడుదిగుడవుతుంది. మిగతావాటికంటే పొడుగ్గా ఉన్న గొట్టం భారమంతా తనే మోసి, వేడెక్కి కాలిపోతుంది. ఆ భారం పక్కవాటి మీద పడుతుంది. ఫొటో తీసేటప్పుడు కరెంటు తగ్గితే ఫిలిం మసకే. మళ్లీ తీయాలి, రోగికి మళ్లీ కిరణాలు తగలాలి.

ఫ్రిజ్‌కి స్టెబిలైజర్‌ ఉన్నట్టే దీనికీ ఒకటి కావాలన్నమాట. అన్నిటికంటే తేలిక ఉపాయం, దారిలో ఓ రెసిస్టరు పెట్టడం. కరెంటు పెరిగేకొద్దీ అది ఎక్కువ వోల్టేజి మింగేస్తుంది, దాంతో కరెంటు తనంతట తనే తగ్గుతుంది. ఇంకో పద్ధతిలో ట్రాన్సిస్టరుని కుళాయిలా బిగిస్తారు. గొట్టాలు ఎంత ఆరాటపడినా కుళాయి వదిలినంతే! నాకైతే ఇదే నచ్చింది. మూడోది, కరెంటుని క్షణక్షణం కొలుస్తూ గేటు వోల్టేజిని సరిచేయడం. వీటితోపాటు కొత్త ట్యూబుని ముందే కొంతసేపు నడిపి, పొడుగు గొట్టాల్ని కాలిపోనిస్తారు కూడా. లోపలి గాలిని ఎంత బాగా తోడేస్తే అంత మంచిది.

ఇదంతా ల్యాబు దాటి ఆసుపత్రికి చేరింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చెందిన మైక్రో-ఎక్స్‌ కంపెనీ ‘రోవర్‌’ యంత్రానికి 2020లో అమెరికా అనుమతి వచ్చింది. రోగి పడక పక్కకి తోసుకెళ్లే ఆ చక్రాల బండిలో ఉన్నది చల్లని నానోట్యూబులే.