గాలిలో వచ్చిన వీరగాథ

పల్నాటి వీరుల పేరు వినని తెలుగువారు అరుదు. కాని ఆ కథను మొదట ఎవరి నోట విన్నారని అడిగినచో సమాధానములు పలు తెరగులుగా వచ్చును. కారంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతుల నోట విన్నవారు కొందరు. గూడవల్లి రామబ్రహ్మము ప్రారంభింపగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి చలనచిత్రమున చూచినవారు కొందరు. బడిపుస్తకమున చదువుకొన్నవారు మరికొందరు. వీరందరికంటె వేరైన తెగ ఒకటి కలదు. పంచాయతీ అరుగుమీద పెట్టిన రేడియో చుట్టును చేరి, షేక్ నాజరు కంఠమున ఆ కథను ఆలకించినవారు వీరు. ఏండ్లు గడచినకొలది కథలోని ఘట్టములు కొన్ని మరపున పడినను ఆ కంఠము మాత్రము చెవి విడిచిపోలేదు. ఆనాటి బుర్రకథ ముద్రణ ఎచ్చటనైన దొరకునా యని వెదకువారు నేటికిని కలరు. దొరికినవారును కలరు. దొరికిన పిదప వారికి కలిగిన తృప్తియు, దాని వెంట కలిగిన చిన్న కలతయు విచారింపదగినవి.

రేడియో పల్నాటికి వచ్చిన దారి కొంత దీర్ఘమైనది. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది. గుంటూరు మండలము అప్పుడు మదరాసు రాష్ట్రములోనిది. తెలుగు కార్యక్రమములు అరవ కార్యక్రమములతో వేళలు పంచుకొనుచు అచ్చటినుండియే వచ్చెడివి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. గుంటూరు, నరసారావుపేట, గురజాల, మాచర్ల వాసులకు తమ మాట, తమ యాస, తమ పాట దగ్గరనుండి వినవచ్చుట అప్పటినుండియే. పల్లెలలో సొంత రేడియో గలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ప్రభుత్వము ఏర్పరచిన సామూహిక శ్రవణ యంత్రమే ఊరందరికిని ఆధారము. విద్యుత్తు రాని ఊళ్లలో అది బ్యాటరీతో పలికెడిది. బ్యాటరీ దిగిపోయిన నాడు బాలచంద్రుడు కదనమునకు కదలకుండగనే కథ నిలిచిపోయెడిది. చీకటి పడినపిమ్మట మధ్యమ తరంగములు బహుదూరము ప్రయాణము చేయును గనుక, ఎచ్చటిదో పరభాషా కేంద్రమొకటి నడుమ చొరబడి నాగమ్మ మాటలలో తన మాటలు కలిపెడిది. ఇన్ని చిక్కుల నడుమ వినిన కథ కనుకనే కాబోలు, అది అంత గట్టిగా నాటుకొన్నది.

నాజరు పల్నాటివాడు కాడు. ఆయన గుంటూరు చేరువ పొన్నెకల్లున 1920లో ఒక పేద దూదేకుల కుటుంబమున జన్మించెను. పేదరికపు బాల్యము, నాటకములలో వేషములు, సంగీతాభ్యాసము, ఆ పిమ్మట ప్రజానాట్యమండలి. ఈ జీవితమంతయు ఆయన స్వయముగా చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరరూపమున పెట్టిన ‘పింజారి’ అను గ్రంథమున కలదు. జంగముల కథగా పల్లెలలో తిరుగాడుచుండిన ప్రక్రియను ప్రజానాట్యమండలివారు రాజకీయ ప్రబోధమునకు వాడుకొనిరి. నాజరు దానిని కళగా తీర్చిదిద్దెను. 1940ల చివర మదరాసు ప్రభుత్వము ఆ మండలి ప్రదర్శనలపై నిషేధము విధించినది. అట్టి నాజరు కంఠమునే అనంతరకాలమున ప్రభుత్వ రేడియో ఊరూరికిని మోసినది. 1986లో పద్మశ్రీ బిరుదము లభించినది. 1997లో ఆయన కన్నుమూసెను.

బుర్రకథ కంటికి ఎంత విందో చెవికి అంత విందు. కథకుడు భుజమున తంబుర, వ్రేలికి అందె, కాళ్లకు గజ్జెలు ధరించి ముందు వెనుకలకు అడుగులు వేయుచు చెప్పును. ఇరుప్రక్కల వంతలిద్దరు డక్కీలు వాయించుచు అందుకొందురు. ఒకడు హాస్యము, ఒకడు లోకవ్యవహారము చెప్పువాడు. రేడియోలో ఆ అడుగులు లేవు, కనుబొమల ముడి లేదు, కత్తి దూసినట్లు చేయి విసరుట లేదు. గజ్జెల చప్పుడు మాత్రము మిగిలినది. కనుక కథకుడు చూపవలసినదెల్ల పలుకులోనికే తేవలెను. నాజరు పద్యము చదువునప్పటి నిండుగొంతు, వచనమున పరుగెత్తునప్పటి వేగము, కరుణఘట్టమున ఒక్కసారిగా సన్నగిలు నాదము ఈ అవసరమును చక్కగా తీర్చినవి. ఊరి నడుమ పందిరి క్రింద రాత్రి పొడుగునను సాగదగిన కథ, రేడియోలో గడియారపు ముల్లునకు లోబడి కుదించుకొనవలసి వచ్చినది. వంతల చతురోక్తులు కొన్ని, ఆ ఊరి పెద్దలపై విసరెడి చమత్కారములు కొన్ని రాలిపోయినవి. పందిరి క్రింద విన్నవారు దీనిని లోపమందురు. రేడియోలో విన్నవారికి అదియే సంపూర్ణ కథ.

గ్రామఫోను యుగమున ఈ కథలకు ఇంతపాటి చోటును లేదు. 78 వేగపు రికార్డున ఒక ప్రక్కకు పట్టునది సుమారు మూడు నిముషములు. మూడు నిముషములలో మంగళహారతి పాడవచ్చును గాని మందపోరు చెప్పుట కుదరదు. అయస్కాంతపు టేపు వచ్చిన పిమ్మటనే వీరగాథకు ఊపిరి తీయుటకు తెరపి దొరికినది. ఏడంగుళముల చుట్టలో 1200 అడుగుల టేపు పట్టును. సెకనుకు ఏడున్నర అంగుళముల చొప్పున నడపినచో అరగంటకు కొంచెము పైబడిన కాలము వచ్చును. అయితే టేపు వెలగలది, విదేశములనుండి రావలసినది. ప్రసారమైన కార్యక్రమమును చెరిపి దానిపైననే మరియొకటి ముద్రించుట నాడు లోకమందలి రేడియో సంస్థలన్నిటికిని ఉన్న అలవాటే. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగు సంస్థవారు సైతము తమ ప్రసిద్ధ కార్యక్రమములను అట్లే పోగొట్టుకొనిరి. ఎరువుల వాడుకపై ప్రసంగము క్రింద ఏ వీరుని శంఖనాదము అణగియున్నదో ఎవ్వరు చెప్పగలరు?

మిగిలిన టేపులకును ఆయువు సున్నితమైనది. కృష్ణాతీరపు ఉక్కకు బూజు పట్టును. పాత అసిటేటు పట్టీ పెళుసై, పులిసిన వాసన వేయును. మరియొక వింత కలదు. చుట్టలో ఒక పొరపై ఉన్న శబ్దము ప్రక్క పొరకు సన్నగా సోకుట వలన, ఏండ్ల తరబడి కదలక పడియున్న టేపును వినునప్పుడు నిశ్శబ్దమున ముందుగా ఒక నీడవంటి గొంతు వినవచ్చి, అటుపిమ్మట అసలు గొంతు వచ్చును. సాంకేతికులకు ఇది దోషము. దీనిని తగ్గించుటకై టేపును తుది పైకి వచ్చునట్లు చుట్టి భద్రపరుపవలెనని వారు చెప్పుదురు. చిన్నతనమున విన్న కథను ముదిమిలో మరల వినువానికి మాత్రము, రాబోవు పలుకు ముందే చెవిలో మ్రోగుట ఏమంత దోషముగా తోచదు.

సినిమాలో చేరిన ముక్క సులభముగా బ్రతికినది. 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రమున నాజరు దళము చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ నేటికిని తెరపై కనబడుచునే యున్నది. రేడియో కథలు అంతటి అదృష్టమునకు నోచుకొనలేదు. ఇండ్లలో చేసికొన్న క్యాసెట్టు నకళ్లు, కేంద్రములలో మిగిలిన చుట్టలు, వానినుండి అంతర్జాలమునకు ఎక్కిన భాగములు, ఇవియే ఇప్పటి నిధి. దొరికినదానిని విన్నవారు సాధారణముగా మొదట అడుగు ప్రశ్న ఒకటియే: ఇది ఆనాడు విన్నదేనా? జ్ఞాపకమున నిలిచిన కథ ఇంతకంటె నిదానముగా నడచెడిది. మాంచాల ఘట్టము ఇంతకంటె దీర్ఘముగా నుండెడిది. తుదిని ఇంకొక పద్యము ఉండవలెను. టేపు నిజమా, మనసు నిజమా యని తగవు పడుటకంటె ముందు, ఒక విషయము గుర్తింపదగును. నాజరు ఈ కథను ఒక్కసారి చెప్పి ఊరకున్నవాడు కాడు. ఏండ్లతరబడి, వందలాది వేదికలపై చెప్పెను. చెప్పిన ప్రతిసారియు కొంత పెరిగెను, కొంత తరిగెను. చేతికి దొరికిన ముద్రణ వానిలో ఒకానొక దినపు కథ. విన్నవాడు వెదకునది వేరొక దినపు కథ కావచ్చును.

ఈ చిక్కును ప్రపంచమునకు స్పష్టముగా చూపినది మిల్మన్ పారీ యను అమెరికను పండితుడు. అతడు 1930లలో యుగోస్లావియాకు పోయి, అచ్చటి వీరగాథా గాయకుల పాటలను అల్యూమినియము పళ్లెములపై ముద్రించెను. ఒకే గాయకుడు ఒకే గాథను రెండు మారులు పాడినప్పుడు మాటలు మారుచుండెను. గాయకుడు మాత్రము అక్షరము మారలేదని చెప్పుచుండెను. అతని శిష్యుడు ఆల్బర్టు లార్డు 1960లో వెలువరించిన గ్రంథము ఈ విషయమును లోకమునకు చాటినది. గాయకుడు అసత్యమాడుట లేదు. అతనికి కథయే ప్రమాణము గాని మాట కాదు.

ఇచ్చట కారంపూడికి పోక తప్పదు. పూర్వము కార్యమపూడి యని పిలువబడిన ఆ ఊర, నాగులేటి ఒడ్డున, పన్నెండవ శతాబ్దిలో మాచర్ల, గురజాల దాయాదుల నడుమ యుద్ధము జరిగినది. ఏటేట కార్తిక అమావాస్యతో మొదలై ఐదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర వీరుల ఉత్సవము సాగును. ఆచారవంతులు తమ యిండ్ల వీరుల ఆయుధములను, కొణతములను, తీసికొనివత్తురు. అచ్చట కథను గానము చేయువారు వీరవిద్యావంతులు. వారు మాల కులమునకు చెందినవారు. ప్రధాన గాయకుడు చేత ఖడ్గము ధరించును. పంబజోడు, తిత్తి, తాళములు తోడు పలుకును. బ్రహ్మనాయుడు చాపకూటి పంక్తిలో కులముల నన్నిటిని కూర్చుండబెట్టెనని, మాల కన్నమదాసును పుత్రునివలె చేరదీసి సేనకు నాయకుని చేసెనని చెప్పు కథను, ఆ కులమువారే తరతరములుగా మోసికొనివచ్చిరి. ‘క్రీడాభిరామము’ కాలమునకే ఓరుగంటి వీథిలో పల్నాటి వీరుల గానము జరుగుచుండినట్లు ఆ కావ్యము చెప్పుచున్నది. శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతము 1911లో అచ్చొత్తించినప్పుడు పండితలోకము కన్ను తెరచినది. గాయకులు అంతకు ముందును పాడుచునే యుండిరి, తరువాతను పాడుచునే యుండిరి.

ఈ గానమును టేపుపై పట్టి, సమగ్రముగా అనువదించి ప్రపంచమున పెట్టినవాడు జీన్ హెన్రీ రోఘైర్. ఆయన 1970లలో పల్నాట పరిశోధన చేసి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ముద్రించుకొని, ఆంగ్లమున అనువదించి వ్యాఖ్యానించెను. ఆ గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డున వెలువడినది. తెలుగున తంగిరాల వెంకటసుబ్బారావు వీరగాథా కవిత్వముపై చేసిన పరిశోధనయు ఈ సందర్భమున మరువరానిది. గాలెయ్య కథ ఏ దూరదేశపు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నైనను దొరకునట్లయినది. కాని ఊపిరి బిగబట్టి ఒక చరణమును తిత్తిశ్రుతిపై నిలుపుట, అలసటతో గొంతు జీరవోవుట, ఎవరో కేక వేయగా ఆగి నవ్వుట కాగితమునకు ఎక్కునవి కావు. పుస్తకము చదివినవాడు టేపు కొరకు వెదకుట సహజము.

నాజరు రేడియో కథకును, గాలెయ్య కారంపూడి గానమునకును పోటీ పెట్టుట తగని పని. ఒకటి వినోదముతో పాటు విజ్ఞానము కోరి వేదికపై చెప్పినది. రెండవది వీరులను దైవములుగా కొలుచు క్రతువున భాగము. అయినను పల్నాటి కథ యనగానే ఇంటింట తలచుకొనునది మొదటి కంఠమునే యనుటయు, రెండవదానిని విన్నవారు ఆ ఐదు దినములు ఆ ఊర నుండినవారే యనుటయు నిజము. రేడియో చేసిన మేలు ఎంత పెద్దదో, దానివలన కలిగిన ఈ అసమానతయు అంత పెద్దదే.

దొరికిన టేపులలో మరియొక కొరత కనబడును. ప్రధాన కథకుని పేరు ఉండును; వంతల పేర్లు ఉండవు. ఏ తేదీన ముద్రించిరో, ఏ గదిలోనో, ఎవరు డక్కీ వాయించిరో అట్టపై వ్రాసియుండరు. ప్రసార సంస్థలు తమ పాత చుట్టలను కంప్యూటరు రూపమునకు మార్చుట సంతోషింపదగినదే. అది జరుగునప్పుడు ఆ వంతలను గుర్తుపట్టగల వృద్ధులను కూర్చుండబెట్టి, వినిపించి, పేర్లు వ్రాయించుకొనుట టేపును శుభ్రపరచుటకంటె తక్కువ పని కాదు. ఆ వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు.

2022 ఏప్రిల్ 4న నరసారావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు వేరు జిల్లా అయినది. కార్తిక మాసాంతమున కారంపూడికి జనము యథాపూర్వముగ వచ్చుచున్నారు. గాయకుని ఖడ్గము లేచినంతనే గుంపులో చేతులును లేచును. ఆ చేతులలో సెల్‌ఫోనులుండును. తెల్లవారునప్పటికి ఆ రాత్రి పాట వందల చిన్న ముక్కలై వందల ఊళ్లకు పోవును. వానిలో ఏ ముక్కకును పాడినవాని పేరు అంటియుండదు.