పెయింట్‌బాల్ సిలిండరు – రెగ్యులేటరు మార్పిడి

1981 జూన్ 27వ తేదీన అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హెన్నికర్ సమీపాన గల అడవిలో పన్నెండుమంది ఒక వింత ఆట ఆడారు. చెట్లకు దూరంనుంచే గుర్తు పెట్టడానికి అటవీ ఉద్యోగులు వాడే రంగుతుపాకులను వారు ఒకరిపై ఒకరు ప్రయోగించుకున్నారు. రంగు పడినవాడు ఆటనుండి తొలగాలి. పెయింట్‌బాల్ క్రీడకు అదే నాంది. జిలాటిన్ పొరలో రంగు నింపిన చిన్న బంతిని ఆటస్థలాలలో సాధారణంగా సెకనుకు 300 అడుగులకు మించని వేగంతో వదులుతారు. ఆ బంతిని నెట్టేది మందుగుండు కాదు, తుపాకికి బిగించిన చిన్న సిలిండరులోని వాయువు.

తొలినాళ్ళలో ఈ పనికి కార్బన్ డయాక్సైడును వాడేవారు. సిలిండరులో అది ద్రవరూపంలో ఉంటుంది. ద్రవం మిగిలి ఉన్నంతవరకు దానిపై నిలిచే వాయువు పీడనం దాదాపు స్థిరం. సాధారణ ఉష్ణోగ్రతలో చదరపు అంగుళానికి సుమారు 830 పౌండ్లు. కాని చలి పెరిగితే ఆ పీడనం పడిపోతుంది. వెంటవెంటనే పేల్చినా సిలిండరు చల్లబడి బలం తగ్గుతుంది. ఈ లోపాన్ని తొలగించడానికి సంపీడిత గాలి వాడుకలోకి వచ్చింది. గాలి ద్రవంగా మారదు కనుక చిన్నపాత్రలో తగినంత నింపాలంటే విపరీతంగా అదమవలసిందే. అల్యూమినియం సిలిండర్లలో 3000 పౌండ్ల వరకు, కార్బన్ ఫైబరు చుట్టిన వాటిలో 4500 పౌండ్ల వరకు నింపుతారు. కారు టైరులోని గాలి పీడనం సుమారు 30 పౌండ్లు మాత్రమే. అంటే నీళ్ళసీసా అంతటి పాత్రలో, టైరులోని దానికి నూటయాభై రెట్ల పీడనం దాగి ఉంటుందన్నమాట.

అంతటి పీడనాన్ని తుపాకి భరించలేదు. పైగా గాలి ఖర్చవుతున్న కొద్దీ లోపలి పీడనం తగ్గుతూ పోతుంది. లోపల ఎంత ఉన్నా వెలుపలికి ఒకే తీరున, సుమారు 800 పౌండ్ల వద్ద, గాలిని అందించడమే రెగ్యులేటరు పని. మన ఇండ్లలో వంటగ్యాసు సిలిండరు మీది రెగ్యులేటరు చేసే పనీ స్వభావంలో ఇదే. పీడనాలలో మాత్రం పోలిక లేదు. రెగ్యులేటరు లోపల ఒక పిస్టను, దానికి ఎదురొత్తే స్ప్రింగు ఉంటాయి. వెలుపలి గదిలో పీడనం నిర్ణీత స్థాయికి చేరగానే పిస్టను స్ప్రింగును అణచి, గాలి వచ్చే సన్నని ద్వారాన్ని మూస్తుంది. తుపాకి గాలిని వాడుకోగానే స్ప్రింగు మళ్ళీ ద్వారాన్ని తెరుస్తుంది. పైకొనన ఉండే సన్నని పిన్ను తుపాకికి బిగించినప్పుడు లోపలికి నొక్కుకొని గాలిని విడుస్తుంది, విప్పగానే మూసుకుంటుంది.

సీలు అరిగినా, పిన్ను వద్ద గాలి కారినా, కొందరు క్రీడాకారులు రెగ్యులేటరును తామే మార్చుకుంటారు. విడిగా దొరికే రెగ్యులేటరును కొని బిగించడం చేతిపనిగా చూస్తే కొద్ది నిమిషాల వ్యవహారం. అయితే ఎంపికలోనే ఒక చిక్కు ఉంది. ప్రతి రెగ్యులేటరుకు పీడనం మితిమీరితే చిట్లిపోయి గాలిని వదిలే పలుచని రక్షకబిళ్ళ ఉంటుంది. 3000 పౌండ్ల సిలిండరుకు సాధారణంగా 5000 వద్ద చిట్లే బిళ్ళను, 4500 పౌండ్ల సిలిండరుకు 7500 వద్ద చిట్లే బిళ్ళను అమర్చుతారు. మర చక్కగా సరిపోయిందని రెండవరకం రెగ్యులేటరును మొదటిరకం సిలిండరుకు బిగిస్తే, ఆపదవేళ ఆ బిళ్ళ కాపాడదు. మర కుదిరినంత మాత్రాన జత కుదిరినట్లు కాదు.

ఇక అసలు ప్రమాదం సిలిండరు ఖాళీ అయిందా లేదా అన్నచోట ఉంది. ఇందుకు చాలామంది పీడనమాపకాన్ని నమ్ముతారు. ఆ మాపకం ముఖం అంగుళమో, అంగుళంన్నరో వెడల్పు. దానిమీద 5000 పౌండ్ల వరకు గీతలు. అటువంటి దానిలో 150 పౌండ్లకు, సున్నకు మధ్య భేదం ముల్లు మందమంతే. 150 అంటే కారు టైరు పీడనానికి అయిదు రెట్లు! సిలిండరు మెడలోని మర వ్యాసం సుమారు అంగుళంలో 5/8వ వంతు. ఆ వైశాల్యంపై 150 పౌండ్ల పీడనం రెగ్యులేటరును దాదాపు 20 కిలోల బలంతో బయటికి నెడుతుంది. నిండు సిలిండరులోనైతే ఆ బలం 600 కిలోలు దాటుతుంది. మర చివరి చుట్టు వీడిన క్షణాన రెగ్యులేటరు తూటా అవుతుంది; లేదా సిలిండరే రాకెట్టులా ఎగురుతుంది.

మాపకం చెడిపోయి సున్న వద్దనే నిలిచిపోవడమూ కద్దు. పిన్ను నొక్కినా గాలి రాలేదు కనుక ఖాళీ అనుకోవడం అంతకంటె పెద్ద పొరపాటు. పిస్టను ద్వారాన్ని మూసి ఇరుక్కుపోతే నిండు సిలిండరు కూడా మౌనంగానే ఉంటుంది. గాలి రాకపోవడం వేరు, గాలి లేకపోవడం వేరు. అందువల్ల విప్పదలచినవాడు మొదట మాపకం ముల్లు ఎక్కడ ఉందో చూచి, గాలిని మెల్లగా వదులుతూ, ముల్లు క్రమంగా దిగడాన్నీ, చప్పుడు క్రమంగా సన్నగిల్లడాన్నీ గమనించాలి. ఈ రెండూ కనబడకుండా సున్న మాత్రమే కనబడితే ఆ సిలిండరును తాకకుండా నిపుణులకు అప్పగించవలసిందే.

ఇది ఊహాజనితమైన భయం కాదు. కార్బన్ డయాక్సైడు సిలిండరును తుపాకినుండి విప్పుతున్నామని భావిస్తూ, తెలియకుండానే దాని మెడలోని వాల్వును విప్పిన సందర్భాలలో ఇద్దరు మరణించారు. 2004లో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. అది సూచించిన ఉపాయం బహు సులువైనది. వాల్వు మీద, సిలిండరు మీద ఒకేచోట గోళ్ళరంగుతో గుర్తు పెట్టాలి. విప్పేటప్పుడు ఆ రెండు గుర్తులూ ఎడమైతే, తిరుగుతున్నది సిలిండరు కాదు, వాల్వు అని తెలుస్తుంది. ప్రాణాపాయాన్ని తప్పించడానికి ఇంతకంటె చౌకైన సాధనం మరొకటి ఉండబోదు.

సిలిండరు ఖాళీ అయిందని రూఢి అయిన పిమ్మట దానిని రబ్బరు పట్టీతో పట్టి, రెగ్యులేటరును తగిన పానాతో విప్పుతారు. ఇనుప పట్టుకర్రలో బిగిస్తే కార్బన్ పొర నలుగుతుంది. ఊడిరానప్పుడు వేడిచేయడం ఎంతమాత్రం తగదు. వేడి అల్యూమినియం బలాన్నీ, పొరలను అతికించిన జిగురునూ దెబ్బతీస్తుంది. తిప్పుతుండగా బుస్సుమని చప్పుడు వినబడితే వెంటనే ఆపాలి. ముఖం, దేహం సిలిండరు మూతికి, అడుగుకు ఎదురుగా ఎన్నడూ ఉండరాదు. కొత్తదానిని బిగించేముందు మరను శుభ్రపరచి, రబ్బరు వలయాన్ని మార్చి, తయారీదారు చెప్పిన గ్రీజునే పలుచగా పూయాలి. పెట్రోలియం నూనెలు పనికిరావు. గాలి హఠాత్తుగా అదిమినప్పుడు పుట్టే వేడికి అవి అంటుకోగలవు.

నింపేటప్పుడు కూడా తొలుత కొద్దిపాటి గాలి ఎక్కించి, అతుకు వద్ద సబ్బునీరు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూచిన తరువాతనే మెల్లగా పూర్తి పీడనానికి తీసుకుపోతారు. బుడగలు కనబడితే అలాగే బిగించే ప్రయత్నం చేయకుండా, గాలిని పూర్తిగా వదిలిన మీదటనే మళ్ళీ చేయి పెట్టాలి.

సిలిండరు మీద పరీక్షాతేదీ ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఈ తరహా సిలిండర్లను నిర్ణీత కాలానికి, సాధారణంగా అయిదేండ్లకు ఒకసారి, నీటితో నింపి పని పీడనానికి 5/3 రెట్ల పీడనం వద్ద అధీకృత కేంద్రాలలో పరీక్షించాలి. ఆ పరీక్షకు రెగ్యులేటరును ఎలాగూ విప్పవలసినదే. పాత రెగ్యులేటరు అంతవరకు ఆగగలిగేదైతే, దానిని అక్కడే నిపుణుని చేత తీయించి కొత్తది పెట్టించుకోవడం కొంత ఖర్చుతో కూడినదైనా వివేకవంతులు అనుసరించే మార్గం.